సహజ వినికిడి నిలబెట్టే కాక్లియర్ ఇంప్లాంట్: "పదిలం" అంటే ఎంత పదిలం?

పలాస_జీడితోట
మా అన్నయ్య కూతురికి 22 ఏళ్లు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోకి ఎలక్ట్రోడ్ అనే సన్నని తీగ ఎక్కించి కరెంటుతో వినిపించే పరికరం) చెయ్యాలన్నారు. చేతిలో పెట్టిన రంగుల కాగితం మీద "అతి చిన్న కోత, సహజ వినికిడి పదిలం" అని అచ్చేశారు. ఏ ఎలక్ట్రోడ్, ఎంత పొడవు, పదిలం అంటే ఎంత అని అడిగితే "అవన్నీ డాక్టరు గారు చూసుకుంటారు" అని కౌన్సెలర్ తేల్చేశారు. లక్షలు కట్టమన్నవాళ్లు ఈమాత్రం చెప్పొద్దా? కుడి చెవి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత; డెసిబెల్స్ అంకె పెరిగేకొద్దీ వినికిడి తక్కువ): 125 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్స్, 250 దగ్గర 30, 500 దగ్గర 50, 1000 దగ్గర 85, 2000 దగ్గర 105, 4000 దగ్గర స్పందనే లేదు. ఎడమది ఇంచుమించు అంతే, 500 దగ్గర మాత్రం 40. పిలిస్తే పలుకుతుంది గానీ మాట తెలియడం లేదంటుంది. వినికిడి మెషీను పెట్టినా అదే వరస. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

నాగావళి_గట్టు
కోత అంగుళమా, రెండంగుళాలా అన్నదానికీ లోపలి వినికిడి నిలవడానికీ సంబంధం లేదు. ముందు ఆ రెండు ముక్కలూ విడదీసి చూడండి. చెవి వెనక మచ్చ చిన్నదైతే చూడ్డానికి బాగుంటుంది, అంతే. వినికిడి నిలిచేదీ పోయేదీ కాక్లియా లోపల, అంటే లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో.

ఆడియో_విజయనగరం
ఇది నిటారు జారుడు ఆడియోగ్రామ్. 500 వరకూ చెవి పనిచేస్తోంది, 1000 దాటాక పనికొచ్చేదేమీ లేదు. మాటలో అచ్చుల బలం, గొంతు స్థాయి, ఆడగొంతా మగగొంతా అన్నది కింది పౌనఃపున్యాల్లో, అంటే మంద్ర శబ్దాల్లో ఉంటాయి. హల్లుల తేడా పైన ఉంటుంది. అందుకే "తాత", "కాక", "పాప" మూడూ ఈ అమ్మాయికి ఒక్కలాగే వినబడతాయి. "పడి", "బడి" మాత్రం చాలావరకు పట్టుకోగలదు, ఆ తేడా కింద కూడా ఉంది కాబట్టి.

మెషీను ఎందుకు పనిచెయ్యదంటే, 2000 దగ్గర శబ్దాన్ని పట్టే రోమకణాలే మిగల్లేదు. అక్కడ ఎంత శబ్దం పెంచినా రొద పెరుగుతుంది గానీ స్పష్టత రాదు. ఇలాంటివాళ్లకి పై పౌనఃపున్యాలకి విద్యుత్తు, కింది పౌనఃపున్యాలకి మామూలు మెషీను, రెండూ ఒకే చెవిలో ఇస్తారు. ఈఏఎస్ అంటారు, కొందరు హైబ్రిడ్ అంటారు. 1999లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫాన్ ఇల్‌బెర్గ్ బృందం దీన్ని మొదట ప్రచురించింది. 500 లోపు 60, 65 డెసిబెల్స్ కన్నా మెరుగ్గా ఉండి, 2000 పైన తీవ్రంగా పోయినవాళ్లకి ఇది సరిపోతుంది. మీ అమ్మాయి కచ్చితంగా ఆ గీతలోకే వస్తుంది.

బొబ్బిలి_వీణ
అంటే సంగీతం కూడా నిలుస్తుందా? మామూలు ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లకి తాళం తెలుస్తుంది, రాగం తెలియదంటారు.

ఆడియో_విజయనగరం
@బొబ్బిలి_వీణ అక్కడే దీని విలువంతా ఉంది. ఇంప్లాంట్ తీగ మీద కరెంటు ఇచ్చే బిందువులు 12 నుంచి 22. అన్నీ తడిసిన చోట పనిచేస్తాయి కాబట్టి కరెంటు పక్కకి పాకుతుంది, స్వరానికీ స్వరానికీ మధ్య సన్నని తేడా చెరిగిపోతుంది. వీణ మంద్ర, మధ్య స్థాయుల మూలస్వరాలు దాదాపుగా 500 హెర్ట్జ్ లోపే. ఆ భాగం సొంత చెవితో వింటే స్వరం స్వరంగానే ఉంటుంది, మీటు పదును ఇంప్లాంట్ నుంచి వస్తుంది. గోలలో మాట పట్టుకోవడానికి కూడా ఈ కింది వినికిడే ఆసరా. కాంప్లెక్స్‌లో బస్సుల రొద మధ్య పక్కనున్న మనిషి గొంతు విడిగా తెలియాలంటే అది కావాలి.

ఈఎన్‌టీ_సిక్కోలు
ఆపరేషన్‌లో ఏం చేస్తారో చెప్తాను, అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే తడతాయి.

చెవి వెనక కోత పెట్టి మాస్టాయిడ్ ఎముక తొలిచి, ముఖ నరానికీ రుచి నరానికీ మధ్య సందులోంచి మధ్య చెవిలోకి వెళ్తారు. ఇంతవరకూ మామూలు ఇంప్లాంట్ లాగే. తిరుగుతున్న బర్రు (ఎముక తొలిచే మర కొన) పొరపాటున మధ్య చెవిలోని దాగలి ఎముకకి తగిలితే ఆ అదురు నేరుగా కాక్లియాలోకి పోతుంది, మిగిలిన వినికిడి అక్కడే దెబ్బతింటుంది. అక్కణ్ణుంచి రౌండ్ విండో, అంటే కాక్లియాకి పొర కప్పిన చిన్న కిటికీ. దాని పొర మీదికి ఒక ఎముక చూరు వంగి ఉంటుంది. దాన్ని 1 మిల్లీమీటరు డైమండ్ బర్రుతో, తక్కువ వేగంలో, నీళ్లు పోస్తూ అరగదీస్తారు. పొర మొత్తం కనబడేదాకా పొరని ముట్టుకోరు. ఎముక పొడి, రక్తం శుభ్రంగా కడిగి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు పొర మీద వేసి కాసేపు ఆగుతారు. ఎలక్ట్రోడ్ చేతికి సిద్ధంగా వచ్చాకే సన్నని సూదితో పొర తెరుస్తారు. తెరిచాక అక్కడ సక్షన్ పెట్టకూడదు. లోపలున్న పెరిలింఫ్ అనే ద్రవం మొత్తం కలిపినా ఒకటి రెండు చుక్కలే, పీల్చేస్తే అంతే సంగతులు.

ఇక ఎక్కించడం. ఒకే వేగంతో, ఆపకుండా, కుదుపు లేకుండా, కనీసం ఒకటి రెండు నిమిషాలు. ఇంకా నెమ్మదిగా చేసేవాళ్లూ ఉన్నారు. తొందరపడితే లోపల ఒత్తిడి ఒక్కసారి పెరుగుతుంది. అడ్డు తగిలిన చోట ఆపెయ్యాలి. బలవంతంగా తోస్తే కొన, కాక్లియాని గదులుగా విడదీసే బేసిలార్ పొరని చీల్చుకుని పై గదిలోకి పోతుంది. వేరువేరు గదుల్లోని రెండు ద్రవాలూ కలిసి వినికిడి పూర్తిగా పోయేది అప్పుడే. చివర చుట్టూ చిన్న కండరం ముక్కో, కండరం మీది పొరో సర్ది మూసేస్తారు. ఈ మెత్తని పద్ధతికి సాఫ్ట్ సర్జరీ అని పేరు, 1993లో హానోవర్ నుంచి లేన్‌హార్ట్ రాశారు. ఇప్పుడు మిగులు వినికిడి ఉన్నా లేకున్నా అందరికీ ఇలాగే చెయ్యాలి. ఎప్పటికైనా ఇంప్లాంట్ మార్చాల్సి వస్తే కాక్లియా చెడకుండా ఉంటుంది.

నాగావళి_గట్టు
డాక్టరు గారు చెప్పిందంతా ఒప్పుకుంటాను. కానీ ఇంత జాగ్రత్తగా చేసినా పోయే అవకాశం ఉంది, ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. 2014 మార్చిలో అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటి హైబ్రిడ్‌కి అనుమతిచ్చింది, నూక్లియస్ ఎల్24. ఎలక్ట్రోడ్ పొడవు 16 మిల్లీమీటర్లే. పరీక్షలో 50 మంది. మాట అర్థం కావడం చాలామందికి మెరుగైంది, కాదనను. కానీ 22 మందికి ఆపరేషన్ చేసిన చెవిలో కింది వినికిడి దాదాపుగానో పూర్తిగానో పోయింది. వారిలో 6 గురికి అది తీసేసి మామూలు ఇంప్లాంట్ పెట్టాల్సొచ్చింది. పొట్టి ఎలక్ట్రోడ్ కాక్లియా కింది మలుపు దగ్గరే ఆగిపోతుంది, మంద్ర శబ్దాలు పట్టేదేమో లోతునున్న పై మలుపులు. సహజ వినికిడి పోయిన రోజున ఆ పై మలుపుల్లో కరెంటు ఇచ్చేదేదీ ఉండదు.

పలాస_జీడితోట
అమ్మో. 50లో 22 అంటే మాటలా?

ఈఎన్‌టీ_సిక్కోలు
@పలాస_జీడితోట కంగారు పడకండి బాబూ, అది ఆ పరికరం లెక్క. @నాగావళి_గట్టు చెప్పిన అంకెలు సరైనవే, వాటి నుంచి నేర్చుకున్నదే ఇప్పటి పద్ధతి. ఇప్పుడు 16 మిల్లీమీటర్లకి ఎవరూ కట్టుబడి లేరు. కాక్లియా గోడకి ఆనుకుని వెళ్లే సన్నని మెత్తని ఎలక్ట్రోడ్‌లు 20 నుంచి 28 మిల్లీమీటర్ల వరకు దొరుకుతున్నాయి. మెడ్‌ఎల్ వారి ఫ్లెక్స్ 24, ఫ్లెక్స్ 28; కాక్లియర్ వారి స్లిమ్ స్ట్రెయిట్ అయితే 20 దగ్గరా 25 దగ్గరా గుర్తులుంటాయి, కావలసినంతే ఎక్కించొచ్చు; అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌కి స్లిమ్‌జె ఉంది. 20 ఎక్కిస్తే దాదాపు ఒక చుట్టు, అంటే సుమారుగా 1000 హెర్ట్జ్ చోటు దాకా. 24 అయితే ఇంకొంచెం పైకి. ఈ అమ్మాయికి నా లెక్కలో 24. కింది వినికిడి ఉన్న చోటుని పెద్దగా తాకదు, రేపు అది పోయినా పనికొచ్చేంత పొడవుంటుంది.

నాగావళి_గట్టు
నేను 28 అంటాను. 22 ఏళ్ల పిల్ల, ఇంకో అరవై ఏళ్లు వాడుకోవాలి. ఇరవై ఏళ్ల తరవాత కూడా 250 దగ్గర 30 ఉంటుందని ఎవరు రాసిస్తారు?

ఈఎన్‌టీ_సిక్కోలు
28తో కూడా నిలిచిన చెవులున్నాయి, కాదనను. కానీ లోతుకి వెళ్లేకొద్దీ గొట్టం సన్నబడుతుంది, రాపిడి పెరుగుతుంది. పైగా అందరి కాక్లియా ఒకే సైజు కాదు. సీటీలో కింది మలుపు వ్యాసం కొలుస్తారు, ఏ విలువ అంటారు, సగటున 9 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. చిన్న కాక్లియాలో 24 వెళ్లే లోతు, పెద్ద కాక్లియాలో 28 వెళ్లే లోతుకి దగ్గరగా వస్తుంది. కొలవకుండా 24 మంచిదా 28 మంచిదా అని మనం ఇక్కడ కొట్టుకోవడం దండగ. సన్నని స్లైసుల సీటీ తియ్యమనండి, ఏ విలువ ఎంతో రాసిమ్మనండి.

ఆడియో_విజయనగరం
"పదిలం అంటే ఎంత" అన్న అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. దానికో లెక్క ఉంది. హియరింగ్ (HEARRING) అనే నిపుణుల గ్రూపు 2013లో పెట్టిన సూత్రం. ఆపరేషన్ ముందు సగటు, తరవాత సగటు, ఆడియోమీటరు ఇవ్వగల గరిష్ఠం, ఈ మూడూ కావాలి. ఉదాహరణకి ముందు సగటు 60, తరవాత 72, గరిష్ఠం 120 అనుకోండి. పోయింది 12, పోగలిగింది 60. పన్నెండుని అరవైతో భాగిస్తే 20 శాతం పోయినట్టు, 80 శాతం నిలిచినట్టు. 75 దాటితే పూర్తిగా నిలిచినట్టు రాస్తారు, 25 నుంచి 75 వరకు పాక్షికం, ఆ కింద నామమాత్రం.

కాబట్టి "పూర్తిగా నిలిచింది" అన్న చెవిలో కూడా 12 డెసిబెల్స్ తగ్గి ఉండొచ్చు. ఈ అమ్మాయికి 250 దగ్గర 30 ఉన్నది 45 అయినా మెషీనుతో హాయిగా వినొచ్చు. 500 దగ్గర 50 ఉన్నది 75 అయితే మాత్రం ఆ చోటుకి కూడా కరెంటే ఇవ్వాల్సొస్తుంది. శాతం అడక్కండి. "మీరు చేసినవాళ్లలో ఏడాది తరవాత కూడా మెషీనుతో వాడుకోగలిగేంత వినికిడి ఎంతమందికి మిగిలింది" అని అడగండి. ఏడాది అన్నది ముఖ్యం. నెల రోజుల ఆడియోగ్రామ్ చూపించి మురిసిపోవద్దు.

బొబ్బిలి_వీణ
నెలకి ఉన్నది ఏడాదికి ఎందుకు పోతుంది? ఆపరేషన్ అయిపోయిందిగా?

ఈఎన్‌టీ_సిక్కోలు
శరీరానికి ఎలక్ట్రోడ్ పరాయి వస్తువు. దాని చుట్టూ మెల్లగా పీచు కడుతుంది, కొందరిలో కొత్త ఎముక కూడా పెరుగుతుంది. బేసిలార్ పొర కదలిక బిగుసుకుపోతుంది. లోపలి ద్రవం ఒత్తిడి మారడం ఇంకో కారణం. దీన్ని తగ్గించడానికే స్టెరాయిడ్. ఆపరేషన్‌కి ముందు నరం ద్వారా, ఆపరేషన్‌లో పొర మీద, తరవాత ఒకటి రెండు వారాలు మాత్రలు క్రమంగా తగ్గిస్తూ. ఇంటికొచ్చాక ఏ రోజైనా హఠాత్తుగా హోరు, చెవి దిమ్ము, తల తిరుగుడు మొదలై వినికిడి పడిపోతే పండగ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. ఆ రెండు మూడు రోజుల్లో మళ్లీ స్టెరాయిడ్ మొదలుపెడితే కొందరికి తిరిగొస్తుంది.

పలాస_జీడితోట
స్టెరాయిడ్ అనగానే మా వదిన బెంబేలెత్తిపోతోంది.

ఈఎన్‌టీ_సిక్కోలు
తక్కువ రోజులే. సుగర్, బీపీ, కడుపులో పుండు లేవని చూసుకుని ఇస్తారు. మధ్యలో సొంతంగా ఆపకపోతే చాలు.

ఆడియో_విజయనగరం
ఆపరేషన్ జరుగుతుండగానే వినికిడి గమనించే వీలుంది, అది ఉందో లేదో కూడా కనుక్కోండి. చెవి కాలువలో చిన్న స్పీకరు పెట్టి 500 హెర్ట్జ్ శబ్దం ఇస్తూ, ఎక్కుతున్న ఎలక్ట్రోడ్ కొన నుంచే కాక్లియా స్పందన రికార్డు చేస్తారు. ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ. కొన లోపలికి పోయేకొద్దీ స్పందన పెరగాలి. హఠాత్తుగా పడిపోయిందంటే ఏదో తగిలినట్టు. ఆపి, కొద్దిగా వెనక్కి లాగి, కోణం మార్చి మళ్లీ మెల్లగా. అన్ని చోట్లా ఉండదు.

నాగావళి_గట్టు
రోబో మాటేటి? ఫ్రాన్స్‌లో రోబోటాల్ ఉంది, అమెరికాలో ఐయోటాసాఫ్ట్‌కి 2021లో అనుమతొచ్చింది.

ఈఎన్‌టీ_సిక్కోలు
చెయ్యి వణుకు లేకుండా, మనిషి చేతికి సాధ్యం కానంత నెమ్మదిగా ఎక్కించడం వాటి లాభం. సూత్రం మంచిదే. అయితే ఈ అమ్మాయి ఆపరేషన్ కోసం రోబోని వెతుక్కుంటూ వెళ్లనక్కర్లేదు. ఇలాంటి చెవులు తరచూ చేసే చెయ్యి ముఖ్యం.

ఉద్దానం_ఫార్మసీ
మన ప్రాంతంవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఆపరేషన్ ఎంత బాగా చేసినా, మిగిలిన రోమకణాల్ని ఒక సూది చంపెయ్యగలదు. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్, ఈ అమినోగ్లైకోసైడ్ జాతి యాంటీబయాటిక్‌లు. ఊళ్లో జ్వరానికీ మూత్రంలో మంటకీ జెంటామైసిన్ సూది వేసేసే అలవాటు ఇంకా ఉంది. ఈ మందులు కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో మందు ఒంట్లో పేరుకుపోతుంది, చెవి ఇంకా తొందరగా పోతుంది. దానికి తోడు ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ సూది కూడా పడితే మరీ ప్రమాదం. పైగా తల్లి వైపు నుంచి వచ్చే ఒక మైటోకాండ్రియా లోపం ఉన్నవాళ్లకి మామూలు మోతాదే చాలు. అమ్మమ్మ, మేనమామల్లో సూది పడ్డాక చెవులు పోయినవాళ్లు ఉన్నారేమో అడగండి. పర్సులో ఒక చీటీ పెట్టుకోమనండి: "చెవి ఇంప్లాంట్ ఉంది, అమినోగ్లైకోసైడ్ సూదులు వద్దు" అని.

ఇంకోటి, ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందే న్యూమోకాకస్ టీకా పూర్తవ్వాలి. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి మెదడు పొరల వాపు ముప్పు కొంచెం ఎక్కువ.

చీపురుపల్లి_స్పీచ్
పిల్లల తల్లిదండ్రులు ఈ చర్చ చదివి ఏడాది బిడ్డకి కూడా పొట్టి ఎలక్ట్రోడ్ అడగొద్దు. పుట్టు చెవుడు పిల్లల్లో చాలామందికి కింద 90 డెసిబెల్స్ దగ్గర ఏదో కొసరు ఉంటుంది. దాంతో మాట రాదు. వాళ్లకి పూర్తి పొడవుది పెట్టి, ఆపరేషన్ మాత్రం మెత్తగా చేయించండి, చాలు. ఇక్కడ ఆలస్యమే శత్రువు. ఎన్టీఆర్ వైద్య సేవ గానీ దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్రం ఆడిప్ పథకం గానీ చిన్నపిల్లల వయసు చుట్టూనే తిరుగుతాయి. ఓఏఈ, బెరా (పిల్లల వినికిడి పరీక్షలు) రిపోర్టులు పట్టుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం సహాయకుల్ని (ఆరోగ్యమిత్ర, వైద్యమిత్ర అంటారు) వెంటనే కలవండి.

@పలాస_జీడితోట మీ అమ్మాయి పెద్దది, పథకం దొరకడం కష్టం. సీఎం సహాయనిధికి ఎస్టిమేట్‌తో దరఖాస్తు పెట్టొచ్చు. ఆపరేషన్ తరవాత ఇంప్లాంట్ స్విచ్ ఆన్ అయ్యాక మొదటి వారాల్లో రెండు శబ్దాలూ కలవవు. కింద మనిషి గొంతు, పైన కీచుమనే చప్పుడు వేరువేరుగా వినబడతాయి. భయపడి ఇంప్లాంట్ బయటి భాగం తీసేసి మెషీను ఒక్కటే పెట్టుకుంటారు, అలా చెయ్యనివ్వకండి. రోజూ అరగంట ఎవరైనా నోరు కనబడకుండా చదివి వినిపించాలి. ముందు "తాత, కాక, పాప" లాంటి జతలు, ఆనక వాక్యాలు, ఆపైన ఫ్యాను తిరుగుతుండగా.

ఆడియో_విజయనగరం
స్విచ్ ఆన్ రోజు మ్యాపింగ్‌కి (ఇంప్లాంట్ సెట్టింగులకి) ముందే కొత్త ఆడియోగ్రామ్ తియ్యాలి, పాతది చూసి సెట్ చేస్తే తప్పు. గీత 65 డెసిబెల్స్‌ని ఎక్కడ దాటుతుందో అక్కడ సరిహద్దు పెట్టి, కింద మెషీను, పైన కరెంటు. తరవాత 3, 6, 12 నెలల్లో మళ్లీ ఆడియోగ్రామ్. గీత కిందికి జారితే సరిహద్దు కూడా జరపాలి. ఇది చెయ్యకపోతే మధ్యలో కొన్ని శబ్దాలు రెండు వైపులా పడక మాయమైపోతాయి.

రాజాం_టెక్
వాడకం సంగతి. ఈఏఎస్ ప్రాసెసర్‌కి (బయట చెవి మీద పెట్టుకునే పరికరం) చెవిలో అచ్చు కూడా ఉంటుంది, మన ఉప్పుగాలికీ చెమటకీ ముందు పాడయ్యేది ఆ దారే. గులిమి గానీ తేమ చుక్క గానీ అడ్డుపడితే కింది శబ్దం ఆగిపోతుంది, మనిషేమో "వినికిడి పోయింది" అని గాభరాపడి ఆసుపత్రికి పరిగెడతారు. ముందు అచ్చు విప్పి చూడండి. విడిగా తీసి కడిగి, గొట్టంలోని నీటిచుక్క గాలి బుడ్డితో ఊది, పూర్తిగా ఆరాక తగిలించాలి. గొట్టం గట్టిపడితే మార్చాలి. రాత్రి ప్రాసెసర్ డ్రై బాక్సులోనే పడుకోవాలి.

కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. రీచార్జ్ బ్యాటరీ ఒక్కటే నమ్ముకోవద్దు. 675 జింక్ ఎయిర్ బ్యాటరీలు వేసుకునే హోల్డరు ఆ మోడల్‌కి ఉందా అని కొనేముందే అడగండి. ఉంటే రెండు పెట్టెలు ఇంట్లో ఉంచండి. స్టిక్కరు పీకాక కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి వెయ్యాలి. పీకిన బ్యాటరీ వాడినా వాడకపోయినా అయిపోతుంది, కాబట్టి ముందే పీకి దాచొద్దు. పవర్ బ్యాంకుతో చార్జయ్యే చార్జరు ఉంటే ఇంకా మేలు.

బొబ్బిలి_వీణ
సిరిమాను సంబరానికి వెళ్లొచ్చా? డప్పులు, బాణసంచా?

ఆడియో_విజయనగరం
వెళ్లొచ్చు. డప్పుల దగ్గర ప్రాసెసర్ శబ్దాన్ని తగ్గిస్తుంది గానీ, మిగిలిన సొంత వినికిడికి ఆ రక్షణ లేదు. ప్రాసెసర్ తీసి జేబులో వేసుకుని చెవులకి మెత్తని ప్లగ్గులు పెట్టుకోవాలి. టపాసుల దగ్గర నిలబడొద్దు.

పలాస_జీడితోట
అందరికీ చాలా థాంక్స్. ఇంక ఒకటే: ఏ చెవి? వాళ్లు ఎడమది అన్నారు. కుడిచేత్తో ఫోను పట్టుకుంటుంది కాబట్టి కుడి చెవి ఖాళీగా ఉండాలట.

ఈఎన్‌టీ_సిక్కోలు
ఫోను ఏ చెవికైనా అలవాటవుతుంది, అదొక కారణం కాదు. ఎడమది 500 దగ్గర 40, కుడిది 50. రెండింటి నిర్మాణం సీటీలో ఒకేలా ఉంటే కుడిదానికి చెయ్యమనండి. మెరుగైన చెవి ముట్టుకోకుండా ఉంటే, ఆపరేషన్ చెవిలో వినికిడి పోయినా ఎడమవైపు మెషీనుతో కింది శబ్దం మిగిలే ఉంటుంది. ఎడమే చెయ్యాలంటే వాళ్లు గట్టి కారణం చూపించాలి.

పలాస_జీడితోట
సరే. సీటీ సీడీ తీసుకుని ఏ విలువ, ఎలక్ట్రోడ్ పొడవు, ఏడాది ఫలితాలు అడుగుతాం. ఇంకేమైనా పట్టుకెళ్లాలా?

నాగావళి_గట్టు
పాత ఆడియోగ్రామ్‌లన్నీ. ఇంట్లో ఏ అలమరలో ఉన్నా వెతికి తియ్యండి. 500 దగ్గర గత మూడు నాలుగేళ్లుగా 50 లోనే నిలబడి ఉంటే డాక్టరు గారి 24 మాటకి నేనూ సరే అంటాను. రెండేళ్లలో 30 నుంచి 50కి జారి ఉంటే మాత్రం, అది ఆపరేషన్ లేకపోయినా పోయే వినికిడి, దాన్ని కాపాడడం కోసం పొడవు తగ్గించుకోవద్దు.

ఈఎన్‌టీ_సిక్కోలు
ఈ ఒక్క మాట దగ్గర @నాగావళి_గట్టు, నేను ఏకం. అలా జారుతూ ఉంటే నేను కూడా 28 వైపే.